కోడింగ్ క్లాసుకు ఫీజు కట్టేముందు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే ఉదయం పేపరు విప్పగానే కరపత్రాలు జారిపడతాయి. ఒకప్పుడు వాటిలో స్పోకెన్ ఇంగ్లీషు, అబాకస్ ఉండేవి. ఇప్పుడు కోడింగ్ వచ్చి చేరింది. ఆరేళ్ల పిల్లలకు కూడా కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పుతామంటున్నారు. బడి ఫీజుకే అప్పు చేసే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. నేర్పించకపోతే బిడ్డ వెనకబడిపోతాడేమోనన్న భయం ఒకవైపు, అంత సొమ్ము ఎక్కడి నుంచి తేవాలన్న దిగులు మరోవైపు.

ఈ భయంతోనే వ్యాపారం చేసిన వైనాన్ని మనం అప్పుడే మరచిపోరాదు. 2020లో వైట్‌హ్యాట్ జూనియర్ అనే సంస్థ ప్రకటనల్లో వోల్ఫ్ గుప్తా అనే బాలుడు కనిపించేవాడు. కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం సంపాదించాడట! ఒక్కో ప్రకటనలో ఒక్కో వయసు, ఒక్కో జీతం. తీరా చూస్తే అలాంటి పిల్లవాడే లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెప్పాక సంస్థ కొన్ని ప్రకటనలను వెనక్కు తీసుకుంది. ఆ ఏడాదే దాన్ని 30 కోట్ల డాలర్లకు కొన్న బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ప్రకటన అబద్ధమైనంత మాత్రాన విద్య అబద్ధం కాదు. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు కోడింగ్ కృత్యాలు ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానమే చెప్పింది. చెప్పడం సులువే. 2023-24 యుడైస్ ప్లస్ లెక్కల్లో పనిచేసే కంప్యూటర్లున్న బడులు దేశంలో 57 శాతమే!

ఇంతకూ తొలి క్లాసుల్లో పిల్లలు నేర్చుకునేదేమిటి? అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ 2007లో స్క్రాచ్ అనే సాధనాన్ని విడుదల చేసింది. పైసా ఖర్చు లేదు. ఆదేశాలన్నీ రంగు దిమ్మెల రూపంలో ఉంటాయి; ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీది పిల్లి బొమ్మ ఆ ప్రకారం కదులుతుంది. 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు, దీన్నే 4 సార్లు చెయ్యి అంటే చతురస్రం గీస్తుంది. ఇక త్రిభుజం గీయమనండి. లోపలి కోణం 60 డిగ్రీలని బడిలో చదివిన పిల్లవాడు తిరుగు అన్నచోట 60 అని వేస్తాడు. మూడు గీతలు పడతాయి గానీ త్రిభుజం మూసుకోదు. తప్పెక్కడ? తానే పిల్లి స్థానంలో లేచి నిలబడి నేల మీద నడిచి చూసుకుంటే తెలుస్తుంది, తిరగవలసింది బయటి కోణమని, అంటే 120 డిగ్రీలని. ఆ పది నిమిషాల తికమకే అసలు చదువు. జవాబును ముందే చెప్పేసి, పిల్లవాడి పేరిట ఒక యాప్ తయారుచేసి, సర్టిఫికెట్ చేతికిచ్చే క్లాసు ఆ తికమకను కాజేస్తుంది.

కృత్రిమ మేధ తానే కోడ్ రాస్తుంటే ఇదంతా దేనికని కొందరు తండ్రులు అడుగుతున్నారు. సబబైన ప్రశ్నే. కానీ యంత్రం రాసినదాంట్లోనూ తప్పులుంటాయి. త్రిభుజం ఎందుకు మూసుకోలేదో వెతికిన పిల్లవాడికే వాటిని పట్టుకునే అలవాటు ఉంటుంది. అల్గారిథం అనే మాట 9వ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే వచ్చిందని మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. అంతటితో లేచి ఇంటికి వెళ్లిపోతాం, అది వేరే సంగతి.

కనుక ఫీజు కట్టేముందు ఒక క్లాసులో వెనక కూర్చుని చూడండి. మౌస్ ఎవరి చేతిలో ఉంది, పిల్లవాడి చేతిలోనా, మాస్టారు చేతిలోనా? నెల తర్వాత ఎవరి సాయం లేకుండా వాడు ఏం చేసి చూపగలడు? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు. స్క్రాచ్‌ను ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది. పాత కంప్యూటర్ ఒకటి, డిగ్రీ చదివే ఆపానో భాయో ఒకరు ఉంటే నాలుగిళ్ల పిల్లలు వంతులవారీగా కూర్చోవచ్చు. అన్న వంతు ముగిసేసరికి చెల్లెల్ని వంటింట్లోకి పిలవకండి, ఆమె వంతు ఆమెకు రానివ్వండి.