వేదన తెలియని పాదం

వేదం, విద్య, వేదన: ఈ మూడు శబ్దాలకూ మూలం 'విద్' ధాతువే. ఎరుగుట అని దాని అర్థం. వాడుకలో వేదన అంటే బాధ అని స్థిరపడింది గాని, సంస్కృతంలో ఆ పదం అనుభవానికి వచ్చే ఏ ఎరుకకైనా చెల్లుతుంది. బాధను కూడా ఒక జ్ఞానవిశేషంగా గుర్తించిన సంప్రదాయం మనది. అటువంటి సంప్రదాయంలో పుట్టిన మనమే 'నొప్పి తెలియకపోవడం భగవదనుగ్రహం' అని చెప్పుకోవడం మొదలుపెట్టాము. ఆ మాట వల్ల జరిగే హానిని ఆలయప్రాంగణంలో నిత్యం చూస్తున్న అర్చకుడిగా దీనిని గురించి వ్రాయక తప్పడం లేదు.

వైశాఖమాసపు మధ్యాహ్నం ప్రాకారంలోని నల్లరాతి చప్టా ఎట్లా ఉంటుందో ఆస్తికులకు వేరే చెప్పనక్కరలేదు. రాతి ఉష్ణోగ్రత 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది. పిల్లలు మునివేళ్లమీద పరుగెత్తుతారు, పెద్దలు నీడ వెదుక్కొంటారు. వారి మధ్య ఒక వృద్ధుడు తొందర లేకుండా, ముఖంలో ఏ వికారమూ లేకుండా నూటఎనిమిది ప్రదక్షిణలు పూర్తిచేస్తాడు. చూచినవారు 'ఎంతటి తపస్సు!' అని చేతులు జోడిస్తారు. ఆయనకు పదిహేనేళ్లుగా మధుమేహం ఉన్నదని వారికి తెలియదు. తీర్థానికి కూర్చున్నప్పుడు అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయని ఎవరో చూపిస్తే గాని ఆయనకూ తెలియదు. ఇటువంటివారిని నేను ఒకరిని కాదు, పలువురిని చూచాను. ఆ బొబ్బలు పుండ్లై, పుండ్లు ఎముకదాకా వెళ్లి, వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినవారూ వారిలో ఉన్నారు.

దీనిని తితిక్ష అనవచ్చునా? కూడదని నా నిశ్చితాభిప్రాయం. శమదమాది షట్కసంపత్తిలో తితిక్షకు మన ఆచార్యులు చెప్పిన లక్షణాన్ని స్మరించండి. ప్రాప్తించిన దుఃఖాన్ని ప్రతీకారబుద్ధి లేక, చింతావిలాపాలు లేక సహించడం తితిక్ష. దుఃఖం ముందు ప్రాప్తించాలి. అసలు అనుభవానికే రానిదాన్ని సహించడం అనే మాటకు అర్థం లేదు. ఎండను సహిస్తున్నది గనుక ధ్వజస్తంభం తితిక్షాపరురాలని ఎవరైనా అంటే నవ్వుతాము గదా! ఆ వృద్ధుని భక్తిని నేను శంకించడం లేదు, అది నిస్సందేహంగా గొప్పది. కాని ఆయన పాదం విషయంలో జరిగింది ఇంద్రియజయం కాదు, ఇంద్రియనాశం. జయించినవాడికి గుఱ్ఱాలు వశంలో ఉంటాయి. ఇక్కడ గుఱ్ఱమే చచ్చిపడి ఉన్నది.

ఆ చచ్చినది ఏమిటో చూద్దాం. చర్మంనుండి మెదడువరకు వార్తలు మోసే జ్ఞాననాడుల కణాలు వెన్నెముక ప్రక్కనే చిన్న ముడులుగా ఉంటాయి. ఒక్కొక్క కణంనుండి ఒక తంతువు చర్మంలోకి, మరొకటి వెన్నుపాములోకి సాగుతుంది. కాలి బొటనవ్రేలిదాకా పోయే తంతువు పొడవు సుమారు ఒక మీటరు. కంటికి కనబడనంత సన్ననిది అంత దూరం వ్యాపించి జీవించడమే ఆశ్చర్యం. వీటిలో జాతిభేదం ఉన్నది. మృదుస్పర్శను, కంపనాన్ని తెలిపే లావు తంతువులు కొవ్వుపొర చుట్టుకొని మహావేగంగా వార్త చేరవేస్తాయి. నొప్పిని తెలిపేవి రెండు విధాలు. పలుచని పొర ఉన్న 'ఎ-డెల్టా' తంతువులలో వార్త సెకనుకు 5 నుండి 30 మీటర్ల వేగంతో పోతుంది. పొర లేని 'సి' తంతువులలో రెండు మీటర్లకు మించదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ముందు చురుక్కుమనడం, ఆ తరువాత ఒక క్షణం ఆగి సలుపు పుట్టడం అందరికీ అనుభవమే. ఆ రెండూ ఒకే ముల్లును గురించి ఇద్దరు దూతలు వేరువేరు వేళలకు తెచ్చిన వార్తలు.

వేడిని పసిగట్టే ద్వారం ఎక్కడున్నదో తెలిసిన వృత్తాంతం తెలుగువారికి ప్రత్యేకంగా రుచించాలి. మిరపకాయలోని కారపుద్రవ్యాన్ని ఆధారంగా చేసుకొని 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఆ ద్వారాన్ని గుర్తించింది. సుమారు 43 డిగ్రీల వేడికి అది తెరచుకొంటుంది. మిరపకారం కూడా దానినే తెరుస్తుంది గనుకనే కారం తిన్న నాలుక 'మండుతున్నది' అంటాము. ఈ కృషికి ఆయనకు, స్పర్శద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపౌటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమానం లభించింది.

ఇక్కడ ఒక చిన్నమాట. నాడి అనే పదం వినగానే ఇడాపింగళలను, డెబ్బదిరెండువేల నాడులను తెచ్చి ఈ తంతువులతో ముడిపెట్టే ఉత్సాహం కొందరికి ఉంటుంది. యోగశాస్త్రపు నాడులు ప్రాణసంచార మార్గాలు, సాధనలో ధ్యానింపదగినవి. శరీరశాస్త్రపు నాడులు కోసి చూపదగినవి. రెండింటినీ ఒకటి చేస్తే రెంటికీ అన్యాయమే.

రక్తంలో చక్కెర ఏళ్లతరబడి హెచ్చుగా ఉంటే ఆ తంతువులు, వాటిని పోషించే సూక్ష్మ రక్తనాళాలు క్షీణిస్తాయి. అన్నింటికంటె పొడవైనవి ముందు దెబ్బతింటాయి గనుక వ్యాధి వ్రేళ్లలో మొదలై, మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకుతుంది. సన్నని తంతువులు రోగగ్రస్తమైనప్పుడు రాత్రులు పాదాలు మండుతాయి, సూదులు గ్రుచ్చినట్లుంటుంది. లావువి చెడితే చీకటిలో నడక తడబడుతుంది, చెప్పు జారిపోయినా తెలియదు. తంతువులు పూర్తిగా నశిస్తే మంట కూడా ఆగుతుంది. అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇదే. 'స్వామీ, రెండేళ్లుగా ఉన్న మంట ఈ మండలదీక్షతో పోయింది' అని సంతోషంతో చెప్పేవారికి నేను ప్రసాదం ఇస్తూ, మంట పోయిన పాదానికి స్పర్శ మిగిలి ఉన్నదో లేదో వైద్యునిచేత చూపించుకొమ్మని కూడా చెబుతున్నాను. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాను దారంతో అరికాలిని తాకి చూచే పరీక్ష అది. నిమిషాలలో ముగుస్తుంది.

ఇది కొత్త సంగతి అనుకోవద్దు. చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహపు పూర్వరూపాలు చెప్పేచోట, చేతులలో, పాదాలలో సుప్తత, దాహము అని రెండింటినీ జంటగా పేర్కొన్నారు. సుప్తత అంటే మొద్దుబారడం, దాహమంటే మంట. మంటను, మంట తెలియకపోవడాన్ని ఒకే వ్యాధికి గురుతులుగా చూచిన ఆ దృష్టి ఎంత నిశితమైనదో గమనించండి. మన ఋషులు సుప్తతను సిద్ధుల పట్టికలో చేర్చలేదు, రోగలక్షణాలలో చేర్చారు.

కుష్ఠువ్యాధి చరిత్ర ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆ వ్యాధిలో మాంసమే కుళ్లి వ్రేళ్లు రాలిపోతాయని లోకం యుగాలుగా నమ్మింది, పాపఫలమని రోగులను వెలివేసింది. తమిళదేశంలోని కొల్లి కొండలలో 1914లో జన్మించి, వెల్లూరులో శస్త్రవైద్యుడైన పాల్ బ్రాండ్ ఆ భావన తప్పని చూపాడు. వ్యాధిక్రిమి నాడులను చుట్టుకొని ఉండే కణాలలో నివసించి వాటిని పాడుచేస్తుంది. నొప్పి తెలియని రోగి మండుతున్న పాత్రను పట్టుకొంటాడు, విరిగిన పాదంమీద నడుస్తాడు, రాత్రి ఎలుక కొరికినా మేల్కొనడు. వ్రేళ్లను పోగొట్టేది ఇటువంటి చిన్న చిన్న గాయాల పరంపర. తరువాతి కాలంలో అమెరికాలో ఆయన బృందం కృత్రిమమైన నొప్పిని నిర్మించడానికి యత్నించింది. చేతితొడుగులో యంత్రాలమర్చి, ఒత్తిడి మించితే హెచ్చరిక మ్రోగేటట్లు చేశారు. రోగులు దానిని లెక్కచేయలేదు. విద్యుత్తుతో చురుక్కుమనిపిస్తే, పని అడ్డగిస్తున్నదని యంత్రాన్నే ఆపివేసుకొన్నారు. నైయాయికులు దుఃఖాన్ని ప్రతికూలంగా అనుభవింపబడేది అని నిర్వచించారు. మన ఇష్టంతో ఆపుకోగలిగిన ప్రాతికూల్యం దుఃఖం పని చేయలేదని ఆ ప్రయోగం తేల్చింది.

అగ్నిగుండం త్రొక్కడాన్ని మహిమగా చెప్పేవారు మరొక వృత్తాంతం వినాలి. ఉత్తర పాకిస్తానంలో ఒక బాలుడు వీధి ప్రదర్శనలలో చేతులలోనుండి కత్తులు దూర్చుకొనేవాడు, నిప్పులమీద నడిచేవాడు. పుట్టుకతోనే నొప్పి ఎరుగనివాడు. స్పర్శ, చలి, వేడి తెలుసు, నొప్పి మాత్రం లేదు. పరిశోధకులు కలిసేలోపే, పదునాలుగేళ్లు నిండకముందే, ఇంటికప్పుమీదనుండి దూకి మరణించాడు. బంధుత్వమున్న కుటుంబాలను పరీక్షించి, నొప్పి తంతువులలో సోడియం ప్రవేశించే ఒక ద్వారం జన్యుదోషంవల్ల మూసుకుపోయిందని 2006లో ప్రకటించారు. అదే ద్వారం మరొక దోషంవల్ల అతిగా తెరచుకొనే వారూ ఉన్నారు. వారికి కొద్దిపాటి వెచ్చదనానికే పాదాలు ఎఱ్ఱబడి నిప్పులో పెట్టినట్లు మండుతాయి.

ఈ రెండవ కోటివారిపట్ల మన ప్రవర్తన మరీ శోచనీయం. సర్పి లేచి మానిన తరువాత కూడా నెలలతరబడి ఉత్తరీయం తగిలినా అల్లాడిపోయేవారున్నారు. ఆ క్రిమి నాడీకణాల ముడులలోనే దాగి ఉంటుంది గనుక తంతువులు చెడి, గాయం లేకున్నా గాయపు వార్త పంపుతూనే ఉంటాయి. పైకి ఏమీ కనబడదు. వైద్యుడు అమిట్రిప్టిలిన్ వంటి మందు ఇస్తే, అది తొలుత మనోవ్యాధికి వాడిన మందని ఎక్కడో చదివి ఇంటివారు 'అంతా భ్రమ' అంటారు. ఆ మందు చెడిన నాడుల నొప్పికి కూడా పనిచేస్తుందని వారికి చెప్పేవారుండరు. చివరకు మావద్దకు వస్తే, మాలో కొందరు 'పూర్వజన్మకర్మ, అనుభవించాలి' అంటారు.

కర్మసిద్ధాంతాన్ని నేను సంపూర్ణంగా నమ్ముతాను. అది నా కష్టాన్ని నేను అర్థంచేసుకోవడానికి ఇచ్చిన దీపమని, ఎదుటివాడి ముఖాన ఊపడానికి ఇచ్చిన కాగడా కాదని కూడా నమ్ముతాను. ప్రారబ్ధం అనివార్యమైతే ఆయుర్వేదం ఉపవేదంగా ఎందుకు వెలసినట్లు? జపంవల్ల, సత్సంగంవల్ల బాధ తీవ్రత తగ్గడం వాస్తవమే. మనస్సు కలియనిదే ఇంద్రియం జ్ఞానాన్ని కలిగించదని మన తార్కికులు ఎప్పుడో చెప్పారు. వెన్నుపాములో నొప్పి వార్తకు ఒక తలుపున్నదని, మృదుస్పర్శ దానిని కొంత మూయగలదని, మెదడు కూడా పైనుండి దానిని శాసించగలదని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. దెబ్బతగిలిన బిడ్డ మోకాలిని తల్లి రుద్దడం అందుకే ఊరట. కాని జపం నొప్పిని తగ్గిస్తుంది గాని పుండును కడగదు.

'మ్రొక్కు మ్రొక్కే గదా, పాదరక్షలతో ప్రదక్షిణ అపచారం గదా' అని కొందరు అడుగుతారు. ఆతురులకు శాస్త్రం ఎప్పుడూ వేరు మార్గం చూపింది. నీటిస్నానం చేయలేనివారికి మంత్రస్నానం, భస్మస్నానం ఉన్నాయి. ఉన్నచోటనే తనచుట్టూ తాను తిరిగే ఆత్మప్రదక్షిణను మనం ప్రతి పూజలోనూ చేస్తున్నాము. నడిచియే తీరాలనుకొంటే ఉదయం సూర్యుడెక్కకముందు, లేదా సాయంకాలం రాయి చల్లారిన తరువాత నడవవచ్చు. తోలు తగలని మందపాటి అడుగున్న గుడ్డపాదుకలను మధుమేహులకు అనుమతించడంలో దోషం లేదని నా అభిప్రాయం. దీనికి విరుద్ధమైన ప్రమాణమున్నదని చూపే పండితులతో చర్చకు సిద్ధం. ఆలయాధికారులు మాత్రం ఆ చర్చ తేలేవరకు ఆగనక్కరలేదు. ప్రదక్షిణమార్గంమీద పందిరి వేయించి, కొబ్బరిపీచు పట్టాలు పరపించి, మధ్యాహ్నవేళ వాటిని తడిపించడానికి ఒక మనిషిని నియమిస్తే చాలు.

సంకల్పం చెప్పించేటప్పుడు గోత్రనామాలు అడుగుతున్నాము. ప్రదక్షిణల మ్రొక్కుతో వచ్చిన పెద్దలను 'షుగరున్నదా, కాళ్లు తిమ్మిరెక్కుతాయా' అని మరొక ప్రశ్న అడగమని తోటి అర్చకులను ప్రార్థిస్తున్నాను. వారిని వెంటబెట్టుకొని వచ్చే కుమారులు, కోడళ్లు ఇంటికి వెళ్లిన రాత్రే ఆ అరికాళ్లను, వ్రేళ్లసందులను దీపం దగ్గరపెట్టి చూడాలి. ఎఱ్ఱదనమో, బొబ్బో, చీలికో కనబడితే మరునాటికి వాయిదా వేయకుండా వైద్యుని పిలిపించాలి. నొప్పి లేదని వారు చెప్పే మాటను ఆ ఒక్క విషయంలో మాత్రం నమ్మవద్దు.