చిన్న యాత్రకు మంచి ఋతువు



క్రిందటి నెలలో ఒక సోదరి నాకు జాబు వ్రాసినది. "మా యింట పెద్దవారు ఇద్దరు, పిల్లలు ముగ్గురు. రెండు దినములలో పోయి రాదగిన చోట్లు మన ప్రాంతమున చూడవలెనని కోరిక. ఏ నెలలో బయలుదేరిన సుఖముగా నుండును?" అని ఆమె ప్రశ్న. కాశీరామేశ్వరములకు పోవువారికి కాలనిర్ణయము చేసి చెప్పువారు పెక్కుమంది కలరు. కోటప్పకొండకు, అమరావతికి, సూర్యలంకకు ఎప్పుడు పోవలెనో చెప్పువారు అరుదు. దగ్గరిదే గదా, ఎప్పుడైన పోవచ్చునని ఊరకుందుము. ఆ ఊరకుండుటలోనే ఏండ్లు గడచిపోవును. మా యింట అట్లే జరిగినది కావున ఈ ప్రశ్నకు కొంచెము విపులముగా సమాధానము వ్రాయుచున్నాను.

చిన్ననాడు మా తండ్రిగారు నాకు భారతము చెప్పించిరి. అందువలన "మంచి ఋతువేది?" అని ఎవరైన అడిగినచో నా నోట మొదట వచ్చు మాట శరత్తు. ఆరణ్యపర్వమున నన్నయభట్టారకుని కవిత శరద్రాత్రుల వర్ణనతోనే ఆగిపోయినది. పిమ్మట ఎఱ్ఱన ఆ పర్వశేషమును చేపట్టి శరత్కాలపు ఉదయముతోనే ఆరంభించెను. ఆ ఎఱ్ఱనకు ఆశ్రయమిచ్చిన ప్రోలయ వేమారెడ్డి రాజధాని మా మార్టూరునకు సమీపముననే యున్న అద్దంకి. ఇద్దరు మహాకవులు మెచ్చిన ఋతువు, అందొకరు మా పొరుగువారు! ఇంతకన్న ప్రమాణమేమి కావలెనని నేను తలచుచుండెడిదానను.

కాని కావ్యములలోని శరత్తు వేరు, మా నల్లరేగడి నేలమీది శరత్తు వేరు. ఆశ్వయుజ కార్తికములు మా తీరమునకు వాయుగుండముల కాలము. నైరృతి ఋతుపవనము మరలిపోయినను, ఈశాన్యపు వానలు అక్టోబరునుండి డిసెంబరు వరకు విడువవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు నేటికిని తలచుకొందురు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. అప్పటికి కార్తికము ముగియలేదు. వనభోజనములకు పోదమని తలచినవారు ఇంటి తలుపులు బిగించుకొని కూర్చుండిరి. పొలములలోని పంట నీటిపాలైనది. కావున దసరా సెలవులు చూచి యాత్ర నిశ్చయించుకొను సోదరీమణులు, పంచాంగముతోపాటు వాతావరణ శాఖవారి సూచనలు కూడ చూడవలెను. కార్తిక పూర్ణిమనాడు సూర్యలంకలో సముద్రస్నానమునకు వేలకొలది జనము వత్తురు. పుణ్యమును నేను కాదనను. గాలి మొదలైన దినమున మాత్రము పిల్లలను కెరటముల దగ్గరకు తీసికొనిపోకుడు.

ఇక వేసవి. బడిపంతుళ్ళ యిండ్లలో తీరిక దొరకునది అప్పుడే. మూడేండ్ల క్రిందట వైశాఖమున మేమును ఆ పొరబాటే చేసితిమి. ఒక కొండగుడికి పోదమని బయలుదేరితిమి. వంటలు చేసికొని, పిల్లలను సిద్ధపరచి, బస్సు దిగునప్పటికి పది గంటలు దాటినది. గుడిమెట్లకు చెప్పులతో పోరాదు. మా అత్తగారు డెబ్బదియేండ్ల మనిషి, వట్టికాళ్ళతో ఆ రాతిమెట్లు ఎక్కసాగిరి. సగము దూరము పోకమున్నే ఒడలు తూలి కూర్చుండిపోయిరి. వడదెబ్బ. రెండు దినములు ఆస్పత్రిలో సెలైను ఎక్కించిరి. ఇంటికి వచ్చిన పిమ్మట వారు అన్నమాట ఒక్కటే: "ఇక నాకు యాత్రలు వద్దమ్మాయీ. మీరు పోయి రండి." ఆ మాట నా మనస్సున గుచ్చుకొన్నది. తప్పు వారి వయస్సుది కాదు. మా తీరిక చూచుకొన్నాము గాని వారి కాళ్ళను చూడలేదు. ఫాల్గుణము దాటిన తరువాత రాతికొండలను, రాతికట్టడములను చూడబోవు ఆలోచన పెద్దవారున్న యింట వలదని అనుభవముమీద చెప్పుచున్నాను.

వానకాలమునకు ఒక్క ప్రత్యేకత కలదు. ఎగువ వరదలు వచ్చి శ్రీశైలము నిండిన యేట, శ్రావణ భాద్రపదములలో నాగార్జునసాగరు గేట్లు ఎత్తుదురు. ఇరువదియాఱు గేట్లలో కొన్నింటినుండి నీరు దుముకుచుండగా చూచుట గొప్ప అనుభవము. దగ్గరనే చంద్రవంకమీది ఎత్తిపోతల జలపాతము కలదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట వెనుక, ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోయినది. మునుగకముందు 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను ద్వీపముగా మిగిలిన కొండమీద మ్యూజియములో భద్రపరచిరి. అక్కడి మహాచైత్యమునకు దానము చేసినవారిలో ముఖ్యురాలు ఒక స్త్రీ. ఇక్ష్వాకురాజగు శాంతమూలుని సోదరి, శాసనములలో చాంతిసిరి యని పేరు. పదునేడు వందల యేండ్లకు పూర్వము ఒక ఆడుబిడ్డ చేసిన ధర్మమును చూచుటకైనను మనము పోదగును. కాని గేట్లు ఎత్తిన వారము జనసమ్మర్దము మెండు. వర్షము, గాలి యున్నచో లాంచి నడచుట నిశ్చయము కాదు. అక్కడి మ్యూజియమునకును, అమరావతి మ్యూజియమునకును శుక్రవారము సెలవు. శుక్రవారము మంచిదని బయలుదేరు అలవాటు మనకు కలదు గదా! గుడివరకు మంచిదే, మ్యూజియముకడ మాత్రము తాళమే కనబడును.

మిగిలినది హేమంతము. మార్గశిరము సగము గడచి తుపానుల భయము తగ్గిన పిమ్మట మొదలుకొని మాఘమువరకు, మా ప్రాంతమున సంచారమునకు ఇంతకన్న మంచికాలము లేదని నా అభిప్రాయము. కొండవీటి కొండమీద చెరువులు వాననీటితో నిండియుండును. రెడ్డిరాజులు కట్టిన ఆ బురుజుల చుట్టు పచ్చదనము మిగిలియుండును. గుంటూరు దగ్గర ఉప్పలపాటి చెరువులో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుచుండును. పక్షులు పంచాంగము చూడవు గాని మనకంటె బాగుగ కాలము నెఱుగును. 2006లో అమరావతిలో దలైలామాగారు నడపిన కాలచక్రమహోత్సవమునకు నిర్ణయించినది కూడ జనవరి మాసమే. దేశదేశములనుండి వచ్చినవారికి ఆ చలిగాలి హాయిగానే తోచియుండును.

ఈ కాలమునకును రెండు చిక్కులు కలవు. మొదటిది సంక్రాంతి రద్దీ. భోగికి ముందు, ముక్కనుమకు తరువాత మూడునాలుగు దినములు బస్సులలో నిలువ చోటుండదు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు మున్నగు బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది. ఆధారు కార్డు వంటి గుర్తింపు చేతనుంచుకొనిన చాలును. ఖర్చు తగ్గినది కాని రద్దీ పెరిగినది. రెండవది పొగమంచు. పుష్యమాఘములలో తెల్లవారుజామున హైవేమీద పది బారల దూరము కనబడదు. మా ఊరి గ్రానైటు రాళ్ళు మోయు లారీలు ఆ దారినే పోవుచుండును. వేసవి ప్రయాణమునకు చుక్క పొడిచినప్పుడు లేవవలెను. హేమంతమున మాత్రము సూర్యుని చూచియే గడప దాటవలెను.

ఈ సంవత్సరము సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత మాఘశుద్ధమున మా వారు ఒక దినము సెలవు పెట్టిరి. శని ఆదివారములు కలిసివచ్చినవి. అత్తగారిని ఒప్పించుటకు నాకు వారము పట్టినది. "మెట్లు లేని దారినే పోదము. ఎక్కడ వద్దన్న అక్కడనే ఆగుదము" అని మాట యిచ్చిన పిమ్మటనే కదలిరి. మొదటినాడు కోటప్పకొండ. కొండమీదికి బస్సుదారి యున్నది కావున మెట్ల ప్రసక్తి లేదు. శివరాత్రికి ప్రభలతో క్రిక్కిరిసిపోవు ఆ కొండ ఆనాడు నిశ్శబ్దముగా నుండెను. కాకులు వాలవని చెప్పుకొను ఆ చోట పిల్లలు ఆకాశము చూచుచు కాకికొఱకు వెదకిరి. సాయంకాలమునకు గుంటూరు చేరి బంధువులయింట బస చేసితిమి.

దారిపొడుగున పత్తిచేలలో తీతలు సాగుచుండెను. తొలికోత మిరపకాయలను కల్లములలో ఎండబోసిరి. నేల యెఱ్ఱని దుప్పటి కప్పుకొన్నట్లుండెను. మా అత్తగారు కిటికీనుండి చూచి, "వీండ్లు తాలుకాయ ఏరకుండనే పోసినారు" అని తీర్పు చెప్పిరి. నేను నవ్వితిని. మూడేండ్లుగా విననట్టి ఉత్సాహము ఆ కంఠమున వినబడినది. ఉబ్బసము కలవారు మాత్రము ఈ దారిని పోవునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు.

మరునాడు ఉదయము ఉప్పలపాటి పక్షులను చూచి, ఎండ ముదురకమున్నే అమరావతి చేరితిమి. మహాస్తూపము మిగిలినంతవరకు చూచితిమి. దాని పలకలు చాలవరకు చెన్నపట్నమునకును లండనునకును తరలిపోయినవని మా వారు పిల్లలకు చెప్పుచుండిరి. అత్తగారికి ఆ చరిత్ర పట్టలేదు. అమరలింగేశ్వరుని దర్శనము చేసికొని, రేవుకడకు వచ్చి, కృష్ణను చూచుచు మౌనముగా కూర్చుండిరి. కొంతసేపటికి, "మన కాలువలోనికి వచ్చునది ఈ నీరేనా?" అని అడిగిరి. సాగరు కుడికాలువ నీరు తాగిన చేలలో కలుపు తీసి, పత్తి తీసి, ఆ నీటికొఱకు రాత్రులు కాచికొని వారు కాపురము నడపినారు. నదిని చూచుట మాత్రము అదియే మొదలు. "అవునత్తయ్యగారూ, ఈ యేరే. ఆ పైన సాగరుకడ కాలువకు మళ్ళించినారు" అంటిని. వారు మరికొంతసేపు కదలలేదు. మేమును కదలింపలేదు. రెండు దినములలో చూడదలచిన కొండవీడును చూడలేకపోతిమి. నాకు లోటు తోచలేదు.

ఇంటికి వచ్చిన మరునాడు ఈ సంగతులన్నియు మా పొలమున పత్తి తీయు ఒకామెతో చెప్పుచు, "ఈ కాలమున పోయిన హాయిగా నుండునమ్మా" అంటిని. ఆమె నవ్వి, "మీ మంచికాలమే మాకు కూలికాలం గదమ్మా" అన్నది. నాకు సిగ్గు కలిగినది. నిజమే. పుష్యమాఘములలో ఆమె ఒకదినము మానిన ఒకదినపు కూలి పోవును. పత్తి, మిరప ముగిసి ఆమెకు తీరిక చిక్కునప్పటికి ఎండలు ముదురును. అట్టివారికి నాకు తోచిన ఉపాయమిది. చైత్రమున, ఎండ తగ్గిన సాయంకాలమున అద్దంకి సమీపమున సింగరకొండకు పోయిరావచ్చును. ప్రసన్నాంజనేయుని గుడి కొండ దిగువనే యున్నది కావున ఎక్కనవసరము లేదు. సూర్యలంకకైనను ప్రొద్దు వాలిన పిమ్మట పోవచ్చును. పెద్దయాత్రకు పనులు పలుచబడిన ఆషాఢమున ఒక మబ్బుదినము చూచుకొనుట మంచిది.

కావున జాబు వ్రాసిన సోదరికి నా సమాధానము. ఆకాశము చెప్పు కాలమొకటి, పొలము చెప్పు కాలమొకటి, బడి చెప్పు కాలమొకటి. మూడును కలియు దినములు మాఘశుద్ధమున కొన్ని దొరకును. అవి దొరకనిచో ఏదో యొకటి విడువవలసివచ్చును. అప్పుడు మీ యింటిలో ఎవరి శరీరము బలహీనమో వారికి అనుకూలమైన కాలమునే పట్టుకొనుడు, తక్కినవారు సర్దుకొందురు. చూడవలసిన చోట్లు దినమునకు రెండుకంటె మించనీయకుడు. పులిహోర, దద్ధ్యోజనము, కాచి చల్లార్చిన నీరు, పెద్దవారికొక శాలువ తీసికొనిపొండు. "వచ్చే యేడు చూతము" అను మాటను మాత్రము డెబ్బదియేండ్లవారి యెదుట అనకుడు.

ఇది వ్రాయుచుండగా మా అత్తగారు ప్రక్కగదినుండి, "సాగరు గేట్లు ఏ నెలలో ఎత్తుదురమ్మాయీ?" అని అడుగుచున్నారు. శ్రావణమున అని చెప్పితిని. వానలు, జనము, లాంచి సంగతి అన్నియు తెలిసియే చెప్పితిని. ఆ ప్రయాణము సంగతులు మరియొకసారి వ్రాసెదను.