పదో తరగతి తర్వాత

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశ సగటు 6.8 శాతం. అంతకుముందు సర్వేలో రాష్ట్రం లెక్క 11.8, తగ్గాల్సింది పెరిగింది. అదే కాలంలో తెలంగాణ 10.6 నుంచి 5.8కి దిగింది.

మనదగ్గర ఈ కాన్పుల్లో చాలా మటుకు పెళ్లయిన పిల్లలవే. కాబట్టి అడగాల్సింది పెళ్లికి అంత తొందరెందుకని. ఊళ్లో హైస్కూలు ఉంటుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో. సాయంత్రం బస్సు లేకపోతే చదువు పదితోనే ఆగిపోతుంది. వలస కూలికి పోయే తల్లిదండ్రులు ఎదిగిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక మేనరికమో, తెలిసిన సంబంధమో చూసి ముడిపెట్టేస్తారు. మూడు నెలలు తిరక్కుండానే అత్తింట్లో 'ఏమైనా విశేషమా' అన్న ఆరా మొదలవుతుంది. వద్దనే మాట ఆ పిల్ల నోట రాదు, వచ్చినా వినేవారుండరు.

అసలే రక్తహీనత, ఆపై ఎదుగుదల పూర్తికాని ఒళ్లు: పురుటి గండం, బరువు తక్కువ బిడ్డ. పైగా బాల్య వివాహం కేసు భయంతో వయసు దాచి ఆలస్యంగా ఆస్పత్రికి తెస్తారు. ఇది ఘోరం.

ప్రభుత్వ పెళ్లి సాయానికి 18 ఏళ్లు నిండాలన్న షరతు మంచిదే. కానీ 18కి పెళ్లయి 19కి తల్లయితే చదువు పోయినట్టే. హాస్టల్ ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయాలను ఇంటర్ దాకా పెంచే పని 2018లో మొదలైంది. ఆ సీట్లు, సాయంత్రపు బస్సులు ముందుగా వలస మండలాలకే అందాలి.