దిగులుకీ జ్వరం వస్తుందా?

కళ్యాణదుర్గం ప్రాంతం నుంచి ఒక సోదరి రాశారు: "మావారు వేరుశనగ విత్తి నెల కావస్తోంది. వాన జాడ లేదు. రోజూ సాయంత్రం ఆయన ఒళ్లు వెచ్చబడుతోంది. 99.5 డిగ్రీలు చూపిస్తోంది. రక్తపరీక్షల్లో ఏమీ లేదన్నారు. మాత్రలకు తగ్గడం లేదు. దిగులుకు కూడా జ్వరం వస్తుందా?"

ఒళ్లు వేడెక్కడం నిజమేనమ్మా. ప్రయోగశాలలోని ఎలుకను కొత్త బోనులో వేస్తే చాలు, పది పదిహేను నిమిషాల్లో దాని ఒంటివేడి సుమారు ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరుగుతుంది. 1989లో ఇటలీ శాస్త్రవేత్తలు ఒకే బోనులోని చిట్టెలుకలను ఒక్కొక్కటిగా బయటికి తీసి వేడి కొలిచారు. మొదట తీసినవాటికన్నా చివర తీసినవాటికి వేడి ఎక్కువ! తోటివాటిని తీసుకుపోతుంటే కలిగిన కంగారే అందుకు కారణం.

భయం, బెంగ కలిగినప్పుడు ఎడ్రినలిన్, నార్ ఎడ్రినలిన్ విడుదలవుతాయి. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లోని వేడి బయటికి పోదు. ఎలుకల్లో గోధుమరంగు కొవ్వు ఖర్చయి మరింత వేడి పుడుతుంది. సూక్ష్మజీవుల వల్ల వచ్చే జ్వరానికి ప్రోస్టాగ్లాండిన్లు కారణం. పారాసిటమాల్ తగ్గించేది వాటినే. దిగులు వల్ల పుట్టే వేడి దారి వేరు కనుక ఆ మాత్రకు సరిగా లొంగదు.

అలాగని ప్రతి వేడినీ దిగులు ఖాతాలో రాయకండి. ఆరోగ్యవంతులకు కూడా సాయంత్రం వేడి కాస్త ఎక్కువే. ఎండలోంచి వచ్చాక అరగంట నీడన కూర్చోబెట్టి కొలవండి. వారంపాటు ఉదయం, సాయంత్రం ఒకే వేళకు చూసి రాసి ఉంచండి. రెండు వారాలు మించి దగ్గు, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే క్షయ ఉందేమో చూడాలి; ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం. ఎండలో పనిచేసి 104 డిగ్రీల వేడితో మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి.

ఇవేవీ కాకపోతే మందు మాత్రలో లేదు. ఆయన నిద్రపోతున్నారా, సరిగా తింటున్నారా గమనించండి. "బతికేం లాభం" అనే మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు మీరే ఆయన పక్కన కూర్చుని, మనసులో మాట చెప్పుకోనివ్వండి.