సముద్రం లేకపోవడమే లెసోతో పేదరికానికి కారణమా?

లెసోతో పేరు ఎవరూ విని ఉండరని 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వెక్కిరించాడు. నెల తిరిగేసరికి ఆ దేశపు సరుకుల మీద 50 శాతం సుంకం ప్రకటించి, తర్వాత 15 శాతానికి దిగాడు. ఇలాంటి దేశాల పేదరికానికి కారణం ఒక్క ముక్కలో తేల్చేయడం మనకు అలవాటు: సముద్రతీరం లేదు, ఉన్నవి కొండలే అని. లెసోతో విషయంలో ఈ లెక్క కుదరదు. నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికాయే ఉన్న ఈ దేశ వైశాల్యం దాదాపు 30 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 23 లక్షలు. నేలంతా 1,000 మీటర్లకు పైనే ఉన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో ఇదొక్కటే. అయినా 1870లలో నేటి దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనులకు ఇక్కడి నుంచి తిండిగింజలు వెళ్లేవి. సముద్రం అప్పుడూ అంతే దూరం.

నిజానికి ఈ జాతిని నిలబెట్టింది కొండలే. బసోతోలు అనే ఇక్కడి ప్రజల రాజ్యానికి మూలపురుషుడైన మొషోషో 1824లో థాబా బొసియు కొండ మీద స్థావరం ఏర్పరచుకున్నాడు. డచ్ మూలాలున్న తెల్ల వలసదారులైన బోయర్ల సేనలు దాన్ని పట్టుకోలేకపోయాయి. పొలాలు మాత్రం కొండ మీద లేవు కదా. అందుకే 1868లో ఆయన బ్రిటిష్ రక్షణ కోరాడు. రక్షణ దొరికింది గానీ, మరుసటి ఏడాది అలివాల్ నార్త్‌లో కుదిరిన ఒప్పందం కాలెడన్ నదికి పడమటనున్న సారవంతమైన మైదానాలను బోయర్ల రాజ్యమైన ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌కే వదిలేసింది. మిగిలిన నేల కొంతకాలం గింజలు పండించింది. ఇరుకు జాగాలో జనం పెరిగారు, మట్టి కొట్టుకుపోయింది, రైళ్లు చవక ధాన్యం మోసుకొచ్చాయి, మగవాళ్లు గనుల బాట పట్టారు. 1980ల చివరికి దక్షిణాఫ్రికా గనుల్లో లక్షమందికి పైగా బసోతోలు పనిచేసేవారు. ఇప్పుడు సాగుకు పనికొచ్చే భూమి మహా అయితే పదో వంతు.

పాలకుల తప్పు లేదా అని అడగవచ్చు. ఉంది. 1970లో ఓటమి ఖాయమని తేలగానే ప్రధాని లెబువా జొనాథన్ ఎన్నికలనే రద్దు చేశాడు. దానికి సరిహద్దును నిందించలేం. అయితే 1986 జనవరిలో ఆయన్ను సైన్యం కూలదోసింది దక్షిణాఫ్రికా దిగ్బంధం నడుమ. ఆ సైనిక ప్రభుత్వమే అదే అక్టోబరులో కొండల నీటిని జోహానెస్‌బర్గ్ ప్రాంతానికి మళ్లించే ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ పథకంలో లంచాలిచ్చిన పెద్ద విదేశీ కంపెనీలను లెసోతో కోర్టులు శిక్షించాయి కూడా. ధనిక దేశాల్లోనే అరుదైన పని. ఇన్ని తిప్పలెందుకు, దక్షిణాఫ్రికాలో కలిసిపోతే పోదా అనేవారూ ఉన్నారు. ముందే కలిసిపోయి ఉంటే, సరిహద్దు పక్కనే దక్షిణాఫ్రికాలో ఉన్న క్వాక్వాలాగా, వర్ణవివక్ష పాలన నల్లవారికి కేటాయించిన మరో బంటుస్తాన్ అయ్యేది. 2023లో పార్లమెంటుకు వచ్చిన తీర్మానం కోరినట్టు ఫ్రీ స్టేట్ భూములు తిరిగి రావడమూ కల్లే. చేయగలిగింది వేరే ఉంది: నీళ్లు దాటినంత సులువుగా మనుషులూ సరిహద్దు దాటి పని చేసుకునేలా, తరతరాలుగా వారి కష్టంతో పెరిగిన దక్షిణాఫ్రికాయే చట్టం మార్చాలి.