పత్తి చేలల్లో పుట్టిన పాట, మన మ్యూజిక్ పీరియడ్

ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం. యునెస్కో 2011లో ప్రకటించింది. అప్పటికి మన పిల్లలకు ఎండాకాలం సెలవులు ఇచ్చేసి ఉంటారు కాబట్టి అసెంబ్లీలో దాని గురించి చెప్పేవాళ్లుండరు. అందుకని ఈ నెల తల్లిదండ్రుల పేజీకి ఈ విషయం ఎంచుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆరో తరగతి దాటాక మ్యూజిక్ పీరియడ్ తీసేసి, ఆ సమయాన్ని ఫౌండేషన్ లెక్కలకు ఇవ్వమని పోయిన పేరెంట్స్ మీటింగులో చాలామంది అడిగారు. వాళ్ల ఆరాటం అర్థం కానిది కాదు. పెద్దవంగర, తొర్రూరు, పాలకుర్తి వైపు నుంచి బస్సు ఎక్కే పిల్లల ఇళ్లలో ఎక్కువ భాగం పత్తి మీద, వరి మీద బతికేవే. పిల్లలైనా చేను దాటాలని అప్పు చేసి ఫీజు కడుతున్నాం. వారానికి ఒక్క పీరియడైనా వృథా అవుతోందంటే గుండె కలుక్కుమంటుంది.

అయినా ఆ పీరియడ్ ఉండాలనే నా అభిప్రాయం. కాకపోతే ఇప్పుడు నడుస్తున్నట్టు మాత్రం కాదు.

మన దగ్గర మ్యూజిక్ అంటే యానివర్సరీకి సినిమా పాట, లేదంటే కీబోర్డు మీద ఇంగ్లీషు రైమ్. బ్రోచర్లో 'వెస్టర్న్ మ్యూజిక్' అని అచ్చువేస్తే అదేదో సూటూ బూటూ వేసుకున్నవాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. పిల్లవాడు అది నేర్చుకుంటే ఒక మెట్టు ఎక్కినట్టు, ఇంట్లో నాయనమ్మ పాడే నాట్ల పాట ఒక మెట్టు కింద ఉన్నట్టు. ఈ లెక్క ఎంత తలకిందులో చెప్పడానికే జాజ్, బ్లూస్ కథ కావాలి. ఇవాళ ప్రపంచమంతా వింటున్న రాక్, పాప్ పాటల వేరు బ్లూస్‌లో ఉంది. ఆ బ్లూస్ పుట్టింది పత్తి చేలల్లో.

అమెరికాలో మిసిసిపీ నది పక్కన డెల్టా అనే నల్లరేగడి లాంటి సారవంతమైన నేల ఉంది. అక్కడ పత్తి పండించింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. 1865లో చట్టం బానిసత్వాన్ని రద్దు చేసింది గానీ భూమి మాత్రం పాత దొరల దగ్గరే ఉండిపోయింది. వీళ్లు పాలుకు చేశారు. విత్తనం, తిండిగింజలు, బట్ట అన్నీ దొర దుకాణంలో అప్పు. పత్తి అమ్మాక ఏడాది చివర లెక్క చూస్తే చేతికి వచ్చేది తక్కువ, మిగిలే బాకీ ఎక్కువ. ఇది ఎవరికైనా విడమరచి చెప్పాలేమో గానీ మన మండలంలో అక్కర్లేదు.

అంతమాత్రాన మన వెట్టీ, వాళ్ల బానిసత్వం ఒకటే అనను. మనుషుల్ని సంతలో నిలబెట్టి, తల్లిని ఒకరికీ బిడ్డను ఒకరికీ అమ్మిన చరిత్ర అది. వాళ్ల చేతుల్లోంచి డప్పు కూడా లాక్కున్నారు. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడే అక్కడ డప్పు కొట్టడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు. దాంతో చప్పట్లు, పాదాలు, గొడ్డలి దెబ్బ తాళమయ్యాయి. పనిలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. బతుకమ్మ చుట్టూ, నాట్ల మడిలో మన ఆడవాళ్లు చేసేదీ ఇదే పద్ధతి. చర్చిలో పాడే భక్తి పాటలూ, పొలంలో ఒంటరిగా దూరానికి వినపడేలా తీసే కూనిరాగాలూ కలిసి, పంతొమ్మిదో శతాబ్దం చివరికి బ్లూస్ అనే రూపం వచ్చింది.

రూపం చాలా సులువు. ఒక మాట పాడతారు, అదే మాట మళ్లీ పాడతారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు ఆవృతాలలో ఒక చరణం అయిపోతుంది. మొత్తానికి మూడే మూడు కార్డ్‌లు. గిటార్ పట్టుకున్న పిల్లవాడు నెల రోజుల్లో వాయించగలడు, దాన్ని పండించడానికి మాత్రం జీవితకాలం పడుతుంది. ఇందులో ఒక కిటుకుంది. బ్లూస్ పాడేవాళ్లు కొన్ని స్వరాలను నిక్కచ్చిగా పలకరు, కొంచెం కిందికి వంచి, ఈడ్చి పలుకుతారు. పియానో మీద రెండు మెట్ల మధ్యన ఎక్కడో ఉండే స్వరమది. గమకం తెలిసిన మన చెవికి కొత్తేమీ కాదు. కీబోర్డు మీద మాత్రమే సంగీతం నేర్చిన పిల్లవాడికి మాత్రం ఆ స్వరం దొరకదు. మన మ్యూజిక్ గదిలో కీబోర్డు తప్ప ఇంకేదీ ఉండకపోవడం మీద నా ఫిర్యాదు అదే.

1903 ప్రాంతంలో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండ్ మాస్టారు మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్లో రైలు కోసం చూస్తున్నాడు. పక్కన చిరిగిన బట్టలతో ఒక మనిషి గిటార్ తీగల మీద కత్తి జరుపుతూ పాడుతున్నాడు. చదువుకున్న సంగీతకారుడైన హ్యాండీకి అలాంటి ధ్వని అంతకుముందు తెలియదు. తర్వాత ఆయన బ్లూస్ పాటలను స్వరాలతో రాసి అచ్చువేశాడు, 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' తెచ్చాడు, బ్లూస్ పితామహుడని పేరు పొందాడు. స్టేషన్లో పాడిన మనిషి ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. హ్యాండీ అతని పేరు రాసుకోలేదు.

మడ్డీ వాటర్స్ కథ దీనికి భిన్నం. అమ్మమ్మ దగ్గర పెరిగాడు. బురదలో ఆడేవాడని ఆమే 'మడ్డీ' అని పిలిచింది. స్టోవాల్ అనే పత్తి కమతంలో పని చేస్తుండగా 1941లో అలన్ లోమాక్స్ అనే పాటల సేకర్త అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం తరఫున యంత్రం మోసుకొచ్చి అతని పాట రికార్డు చేశాడు. తన గొంతు తనకు తిరిగి వినిపించాక తానూ పాడగలనన్న ధైర్యం వచ్చింది. 1943లో షికాగో వెళ్లి, ఆ గోలలో వినపడాలని కరెంటు గిటార్ పట్టాడు. 1950లో అతను పాడిన 'రోలింగ్ స్టోన్' పాట పేరునే ఇంగ్లండ్ కుర్రాళ్లు తర్వాత తమ బ్యాండుకు పెట్టుకున్నారు.

బి.బి. కింగ్ కూడా పత్తి ఏరినవాడే, ట్రాక్టర్ తోలినవాడే. 1949 చలికాలంలో ఆర్కన్సా రాష్ట్రంలో ఒక పాకలాంటి హాల్లో పాడుతున్నాడు. వెచ్చదనం కోసం మధ్యలో కిరోసిన్ పీపా వెలిగించారు. ఇద్దరు కొట్టుకుంటూ దాని మీద పడి హాలంతా అంటుకుంది. బయటికి వచ్చాక గిటార్ గుర్తొచ్చి మంటల్లోకి తిరిగి దూరాడు, చావు తప్పించుకుని దాన్ని తెచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ లూసిల్ అనే అమ్మాయి కోసం కొట్టుకున్నారని తెలిసి, ఇంకెప్పుడూ ఇలాంటి పిచ్చి పని చేయకుండా గుర్తుండాలని గిటార్‌కు ఆ పేరే పెట్టాడు. 2015లో చనిపోయేదాకా ఆయన గిటార్లన్నీ లూసిల్‌లే.

ఇక జాజ్. న్యూ ఆర్లీన్స్ రేవు పట్టణంలో ఊరేగింపు బ్యాండ్ల బాకాలూ, బ్లూస్ వంపులూ, ఆఫ్రికా తాళాలూ, ఐరోపా నాట్య సంగీతమూ కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారైంది. దీనిలో అందరికీ తెలిసిన పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మ్యూజిక్ పీరియడ్ తీసేయమనేవాళ్లు ఈయన బాల్యం ఒకసారి చూడాలి. కడు పేద ఇల్లు. 1912 డిసెంబరు 31 రాత్రి, పదకొండేళ్ల వయసులో, కొత్త సంవత్సరం సంబరంలో తుపాకీ గాల్లోకి పేల్చాడని పోలీసులు పట్టుకుని అనాథ బాలుర ఆశ్రమానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే సంగీతం మాస్టారు ఉన్నాడు. ముందు కంజిర లాంటి టాంబరిన్ ఇచ్చాడు, తర్వాత డ్రమ్, ఆ తర్వాత బ్యూగిల్, చివరికి కార్నెట్ బాకా. ఆ బడిలో సంగీతం మాస్టారే లేకపోయి ఉంటే? ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత ఎలాగైనా నేర్చుకునేవాడేమో. నేను మాత్రం ఆ పందెం కాయను.

1934లో న్యూయార్క్ అపోలో థియేటర్లో కొత్తవాళ్ల పోటీకి పదిహేడేళ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ డాన్సు చేద్దామని వచ్చింది. తనకన్నా ముందు ఆడిన అక్కాచెల్లెళ్లను చూసి వణికి, డాన్సు మానేసి పాడింది, గెలిచింది. అర్థం లేని అక్షరాలతో బాకాలా పాడే 'స్కాట్' పద్ధతిలో ఆమెను మించినవాళ్లు లేరు. మన జతులు, తిల్లానా విన్న పిల్లలకు అది ఇట్టే పట్టుబడుతుంది. బిల్లీ హాలిడే 1939లో పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' నల్లవాళ్లను చెట్లకు ఉరివేసిన దారుణం మీద పాట. రాసింది న్యూయార్క్‌లో ఒక బడిపంతులు. పెద్ద తరగతుల పిల్లలకు చరిత్ర పాఠంతో పాటు వినిపించవలసిన పాట, చిన్నవాళ్లకు వద్దు.

జాజ్ వినడం మొదట్లో గందరగోళంగా ఉంటుంది. ఒక్క విషయం తెలిస్తే తాళంచెవి దొరికినట్టే. ముందు అందరూ కలిసి ఒక బాణీ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరు ఆ బాణీ మీద అప్పటికప్పుడు తమ కల్పన చేస్తారు, చివరికి మళ్లీ అందరూ బాణీకి వస్తారు. మన కచేరీలో కల్పనస్వరాలు ఉన్నట్టే. ఒగ్గుకథ చూసినవాళ్లకూ ఇది తెలుసు. మన పొరుగున జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు, కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు పొందిన ఒగ్గు కళాకారులు, మొన్న 2017 దాకా మన మధ్యనే ఉన్నారు. కథ ఒకటే అయినా, ముందు కూర్చున్న జనాన్ని బట్టి మాట పెంచడం, డోలుతో సవాలు జవాబు నడపడం ఒగ్గు కళాకారుల విద్య. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో ఈ సెలవుల్లో అడిగి చూడండి.

ఈ రెండు లోకాలూ కలిసిన చోట ఒక తెలుగు కుర్రాడున్నాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, నాన్న మాండొలిన్ చూసి చిన్నప్పుడే తీసుకున్నాడు. పాశ్చాత్య వాద్యం మీద గమకం పలకదని పెద్దలు సందేహించినా పలికించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు, మన తొమ్మిదో తరగతి పిల్లల వయసు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశాలు తిరిగారు. 2014లో నలభై అయిదేళ్లకే పోయారు. అటునుంచి కూడా రాకపోకలున్నాయి. డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లో తన బ్యాండుతో భారతదేశం తిరిగి వెళ్లి, ఢిల్లీ పేరుతో ఒక బాణీ కట్టాడు. సాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ మన రవిశంకర్ మీది గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టాడు.

'దీంతో ఐఐటీ సీటు వస్తుందా?' అంటే రాదు. సంగీతం వల్ల లెక్కలు బాగా వస్తాయనే వాదన కూడా నేను చేయను. అలా అంటే మళ్లీ సంగీతాన్ని లెక్కలకు కూలీగా పెట్టినట్టే. వారానికి ఒక పీరియడ్ పోయినందుకు ర్యాంకు పోదు, అంతే. ఆ పీరియడ్ పోతే మాత్రం అమ్మానాన్నల చేను గురించి పిల్లవాడు తల ఎత్తి చెప్పగలిగే చోటు బడిలో ఒకటి తగ్గుతుంది. ఇప్పటికే పత్తి ఏరే ఆడవాళ్లు పాడడం తగ్గింది, నడుముకు కట్టిన ఒడిలో ఫోనే పాడుతోంది.

సెలవుల్లో వినడానికి ఆర్మ్‌స్ట్రాంగ్ 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్'తో మొదలుపెట్టండి, ఏ వయసు వారికైనా సరిపోతుంది. తర్వాత ఎల్లింగ్టన్ బ్యాండు 'టేక్ ది ఎ ట్రెయిన్', బి.బి. కింగ్ 'ది థ్రిల్ ఈజ్ గాన్'. రాత్రి కరెంటు పోయినప్పుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' తక్కువ సౌండులో పెట్టి చూడండి. కొన్ని బ్లూస్ పాటల్లో తాగుడు, పెద్దవాళ్ల గొడవలు ఉంటాయి కాబట్టి యూట్యూబ్‌ను పిల్లల చేతికి వదిలేయకుండా పక్కన కూర్చుని వినండి.

బడికి నా విన్నపం రెండు ముక్కలు. పదో తరగతి దాకా మ్యూజిక్ పీరియడ్ ఉంచండి. అందులో నెలకు ఒకసారైనా కీబోర్డు మూసి, ఊళ్లో డప్పు, డోలు వాయించేవాళ్లను, పాడే అమ్మలను పిలవండి, వాళ్లకు ఇతర గెస్టులకు ఇచ్చే గౌరవమే, పారితోషికమే ఇవ్వండి. తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా తేలిక. సెలవుల్లో పిల్లల చేత నాయనమ్మదో అమ్మమ్మదో ఒక పాట ఫోనులో రికార్డు చేయించండి, ఆమెకే తిరిగి వినిపించండి. పాట నోట్‌బుక్కులో రాసేటప్పుడు కింద ఆమె పూర్తి పేరు, ఊరు, ఏ పనిలో పాడేవారో తప్పకుండా రాయించండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఆ నోట్‌బుక్కులు మ్యూజిక్ మాస్టారికి ఇస్తే, కొత్త టైమ్‌టేబుల్ వేసే ముందు ఆయన వాటిని ప్రిన్సిపల్ గారి బల్ల మీద పెడతానన్నారు.