ఇచ్చిన పుస్తకం పాఠకుని చేరాలి

ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఆయన అలమరలోని పుస్తకాలు ఏమవుతున్నాయి? ఉర్దూ, ఫార్సీ లిపి చదవగలవారు ఆ ఇంట లేకపోతే, తరచుగా అవి గోనె సంచులకెక్కి తూకానికి అమ్ముడుపోతున్నాయి. వాటి నడుమ తాతగారి చేతిరాత ఉన్నదో, వక్ఫ్ భూమి పత్రపు నకలు ఉన్నదో పాత కాగితాలు కొనే వ్యాపారికి తెలియదు. మసీదు మరమ్మతుకు అడగకుండానే చందా ఇచ్చే మన సముదాయం గ్రంథాలయాన్ని ఎందుకు మరచిపోయింది?

మన పూర్వులు మరువలేదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ గ్రంథాలయమే ఇందుకు సాక్ష్యం. సర్ సయ్యద్ కళాశాలకు 1877లో శంకుస్థాపన చేసిన వైస్రాయి లిట్టన్ పేరుతో అది తొలుత వెలసింది. 1960లో నెహ్రూ ప్రారంభించిన కొత్త భవనంలో మౌలానా ఆజాద్ గ్రంథాలయమైంది. అక్కడి సేకరణల పేర్లు గమనించండి: షేఫ్తా, సుబ్హానుల్లా, అబ్దుస్సలాం, హబీబ్‌గంజ్. ఇవి ఇచ్చినవారి పేర్లు, వారి ఊళ్ల పేర్లు.

వీటిలో హబీబ్‌గంజ్ సేకరణకు మన నేలతో బంధం ఉంది. దానిని కూర్చిన నవాబ్ హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ నిజాం రాజ్యంలో ధార్మిక వ్యవహారాల సద్రుస్సుదూర్‌గా పనిచేశారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి ఆయనే. జీవితమంతా శ్రమించి సేకరించిన ఆ గ్రంథాలు ఒక ఇంటి గదులలోనే ఉండిపోక విశ్వవిద్యాలయానికి చేరినందువల్లనే నేటి పరిశోధకులకు అందుతున్నాయి.

అయితే ఇవ్వడంతోనే బాధ్యత తీరిపోదు. ఉద్యోగకాలమంతా ప్రభుత్వ దస్త్రాల నడుమ గడిపిన నాకు ఇది అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడు తన తండ్రిగారి పుస్తకాలను ఒక విద్యాసంస్థకు ఇచ్చారు. సభ జరిగింది, శాలువా కప్పారు, పత్రికలో ఛాయాచిత్రం వచ్చింది. రెండేళ్ల తరువాత వెళ్లి చూస్తే ఆ మూటలు మెట్ల కింద విప్పకుండానే ఉన్నాయి. తప్పు ఆ సంస్థది మాత్రమే అనలేను. మేము జాబితా ఇవ్వలేదు, రసీదు అడగలేదు. వార్త శాలువా గురించే వచ్చింది గాని పుస్తకాల గురించి రాలేదు.

కాబట్టి ఇచ్చేవారు ముందుగా గ్రంథనామం, రచయిత, సంవత్సరాలతో జాబితా సిద్ధం చేయాలి. గ్రంథాలయానికి ఏవి అవసరమో అడిగి తెలుసుకోవాలి. నమోదు పుస్తకంలో ఎక్కించి, పాఠకులకు అందుబాటులో ఉంచుతామని లిఖితపూర్వకమైన హామీ తీసుకోవాలి. గ్రంథాలయాలు సైతం తమ వార్తలలో దాతల ఛాయాచిత్రాలకన్న అందిన గ్రంథాల జాబితాను ముందు ప్రకటించాలి. అది చూసిన విద్యార్థి వెతుక్కుంటూ వస్తాడు.

జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ నిర్దేశించింది. పేదల ఆ హక్కును తగ్గించమని మేము కోరడం లేదు. గ్రంథాలయానికి ఇచ్చేది సదఖా కావచ్చు, వక్ఫ్ కావచ్చు. మరణానంతరం కూడా మనిషికి పుణ్యం చేరుస్తూ ఉండే వాటిలో కొనసాగే దానమూ, ప్రయోజనకరమైన జ్ఞానమూ ఉన్నాయని దైవప్రవక్త (స) బోధించారు. చదివేవారికి అందిన పుస్తకంలో ఆ రెండూ కలిసి ఉన్నాయి.

హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం మనకు దగ్గరలోనే ఉన్నాయి. తమ ఇంట చదువుకున్న తొలి తరంగా అక్కడికి వచ్చే బిడ్డలకు పుస్తకాలు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఈ నెలలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పాత అలమర తెరవండి. తూకపు రాళ్లు పెట్టే చేతికి అప్పగించే ముందు, చదివే చేయి ఒకటి ఎదురుచూస్తున్నదని గుర్తు తెచ్చుకోండి.